తొమ్మిది మీటర్ల పటం

2008 మే పద్దెనిమిది, ఆదివారం. ఆ పొద్దున ఢిల్లీరావు తిన్నది గిన్నెడు చోడి అంబలి, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు, చితక్కొట్టిన ఉల్లిపాయ. తర్వాత ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తితే అతనికి ముందు గుర్తొచ్చేది ఆ తిండే. రుచి మాత్రం గుర్తులేదు. భార్య భాను పోయినప్పటి నుంచి అతను పెట్టింది తినడం, గిన్నె కడిగి బోర్లించడం, అంతే. దుఃఖం కూడా మొదట్లో ఉన్నంత లేదు. ఊరి జనం వెళ్ళిపోయాక సంత జరిగిన చోటు ఎలా ఉంటుందో, లోపల అలా ఉంది.

వేట నిషేధం రోజులవి. భావనపాడు రేవులో ఫైబర్ బోట్లు, పాత తెప్పలు అన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. మగవాళ్ళు తాటాకు పాకల కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు, మధ్యలో పేకాడుకుంటున్నారు. చేపలు రాకపోతే ఐసు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, ఢిల్లీరావు సూపర్‌వైజరుగా ఉన్న ఐస్ ఫ్యాక్టరీకి కూడా సగం సెలవే.

అంబలి గిన్నె బోర్లిస్తుండగానే అజయ్ వచ్చాడు. భాను తమ్ముడు. ఇరవై దాటిన వాడు, ఒక చోట నిలబడలేనివాడు. అటక మీద నుంచి రెండు పటాల సంచులూ తనే దించి భుజానికి తగిలించుకున్నాడు.

"గాలి లెగిసింది బావా. బేగి రా."

ఆ పటాలు పిల్లలు ఎగరేసే కాగితం పటాలు కావు. మనిషిని నీళ్ళ మీద లాక్కుపోయే గుడ్డ పటాలు. ముందంచులో పొడుగాటి గొట్టం సంచి ఉంటుంది. పంపుతో గాలి కొడితే అది విల్లులా వంగి బిగుస్తుంది. దానికి నాలుగు పొడవైన దారాలు, దారాల చివర రెండు చేతులతో పట్టుకునే కడ్డీ, కడ్డీని తగిలించుకునే కొక్కెం నడుంపట్టీకి. కాళ్ళ కింద ఒక పలక. కడ్డీని దగ్గరికి లాక్కుంటే పటం బలంగా లాగుతుంది, ముందుకు వదిలితే మెత్తబడుతుంది. కొక్కెం పైన ఎర్ర పిడి ఒకటి ఉంటుంది. దాన్ని తోసేస్తే పటం మొత్తం మనిషిని విడిచిపెట్టేస్తుంది. పల్లెలో సాప అంటే తెరచాప, దీన్ని గాలిసాప అంటారు.

టెక్కలిలో బీయస్సీ చదివాక ఢిల్లీరావు మస్కట్ వెళ్ళి, అక్కడ సముద్రపొడ్డున ఒక ఆటల క్లబ్బులో రక్షణ బోటు నడిపేవాడు. ఆడేవాళ్ళను చూస్తూ చూస్తూ తనూ నేర్చుకున్నాడు. భానుకి కిడ్నీలు పాడయ్యాయని ఫోను వచ్చాక ఆ ఉద్యోగం మానేసి వచ్చేశాడు. వచ్చేటప్పుడు క్లబ్బువాళ్ళు అతుకులు పడ్డ రెండు పటాలు చేతిలో పెట్టారు, ఒకటి పన్నెండు మీటర్లది, ఒకటి తొమ్మిది. భానును డయాలసిస్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళక్కర్లేని రోజుల్లో, ఉప్పుటేటి నిలకడ నీళ్ళలో, అజయ్‌కి ఆట నేర్పాడు. భానే నేర్పమంది. ఇంట్లో ఇద్దరు మనుషులు తన మొహం చూస్తూ కూర్చోవడం తనకు చిరాకంది.

ఇప్పుడు ఆ ఆట అజయ్‌కి బతుకుతెరువు కాబోతోంది. గోవాలో కొత్తగా పెట్టిన ఒక నేర్పే స్కూలువాళ్ళు వానలయ్యాక రమ్మన్నారు. కాకపోతే కెరటాల్లో నడపడం వచ్చిన మనిషే కావాలన్నారు. అజయ్ ఏటిలోనే తప్ప కెరటాల్లో ఎప్పుడూ దిగలేదు. భర్తను ఇదే సముద్రంలో పోగొట్టుకున్న తల్లి వరహాలమ్మ దిగనివ్వలేదు.

రెండు రోజుల కిందట ఆమె ఢిల్లీరావును పిలిచింది. పలాస సంతకు పట్టుకెళ్ళడానికి ఎండుచేపలు ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"కెరటాల్లో దింపి నువ్వే సూడు అల్లుడూ. పంపమంటే పంపుతాను, వద్దంటే వద్దు. ఇంకెవులినీ అడగను."

సరేనన్నాడు. ఇంటికొచ్చి పడుకున్నాక తెలిసింది, ఆ మాట తన మీద పడినా బరువుగా లేదని. అవునన్నా కాదన్నా రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకరి ప్రాణం సంగతి తేల్చవలసింది తనలాంటి మనిషేనా అని కొంచెంసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన కూడా ఎక్కువసేపు నిలవలేదు.

ఒడ్డుకు వెళ్ళేసరికి నైరుతి గాలి ఇసకను సన్నగా రేపుతోంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే గాలి కుడి చెంపకు తగులుతుంది. ఒడ్డు వెంబడి వీచే అలాంటి గాలే కావాలి. మనిషిని లోపలికీ తీసుకుపోదు, ఇసకకేసీ కొట్టదు. ఎడమవైపు కొంత దూరంలో ఏరు సముద్రంలో కలిసే మొగ. ఆటు వేళ అక్కడ నీరు సముద్రం లోపలికి లాగుతుంది కాబట్టి, దాని దరికి పోకుండా చూసుకుంటే చాలు.

అజయ్ రెండు సంచులూ విప్పి నిలబడ్డాడు.

"తొమ్మిది చాలు," అన్నాడు ఢిల్లీరావు.

అజయ్ నవ్వాడు. "తొమ్మిదేటి బావా, ఆడోళ్ళ గొడుగులాగ? ఏటిలోనే పన్నెండు ఏసేను. ఇక్కడ కెరటం దాటాల."

వల దగ్గర కూర్చున్న అప్పలరాజు ఆ మాట అందుకున్నాడు. అజయ్‌కి పెదనాన్న, ఒకప్పుడు తెప్ప పెద్ద. సాప పెద్దదైతేనే తెప్ప కెరటమెక్కుతుందనీ, చిన్న సాపేసుకుని వెళ్ళినవాళ్ళు కెరటం కిందే ఉన్నారనీ అన్నాడు. "అయినా మస్కటు సదువు సదివినోడికి మనమేటి సెప్తాం," అని కూడా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

అప్పలరాజు చెప్పింది తెప్పకు నిజమే. తెప్పను కెరటం మీదికి ఎక్కించేది సాప. పలక అలా కాదు. ఒకసారి కెరటం మీదికొచ్చాక మనిషిని లాగేది కెరటమే. పటం ఊరికే పైన ఉండాలి, అడ్డం రాకూడదు. చిన్న పటం చటుక్కున తిరుగుతుంది, దారం సడలినా గాలిలో తేలుతూ మనిషి వెంట వస్తుంది. పెద్దది తిరగడానికి తీరిక కావాలంటుంది. కెరటంలో ఆ తీరిక దొరకదు. ఇదంతా ఢిల్లీరావుకు తెలుసు. ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు. ఏడాదిగా అతను ఏ సంగతీ రెండోసారి చెప్పలేదు, ఎవరితోనూ.

"నీ ఇష్టం," అన్నాడు.

పన్నెండుకు గాలి కొట్టారు. ఎగరేసేటప్పుడు ఒకరు దూరంగా నిలబడి పటం అంచు పట్టుకోవాలి. ఏటి దగ్గర ఆ పని భానుది. ఒంట్లో బాగున్న రోజున చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడి, పెళ్ళాం లేనోడికి ఈ ఆట పనికిరాదు సుమా అనేది. ఢిల్లీరావు అంచు పట్టుకున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. బస్సు వచ్చే వేళ గుర్తొచ్చినట్టు వచ్చింది, పోయింది. అజయ్ బొటనవేలు పైకి చూపించగానే అంచు వదిలేశాడు. పటం గుభిల్లుమని లేచింది.

మొదట బాగానే సాగింది. అజయ్ తెల్ల నురగ మీదుగా పలకను ఎగరేసుకుంటూ కెరటాలు దాటి, లోపలి నుంచి మళ్ళీ ఒడ్డుకు వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. పేకముక్కలు కింద పెట్టి జనం లేచి నిలబడ్డారు. అప్పలరాజు తుండు బిగించి కట్టుకుని, సూసేవా అన్నట్టు ఢిల్లీరావు వైపు చూశాడు.

పొద్దెక్కే కొద్దీ గాలి పెరిగింది. అజయ్ లోపల ఒక పెద్ద కెరటాన్ని చూసి, దాని భుజం మీదికి పలక తిప్పాడు. కెరటం పలకను ఎత్తుకుని తోసింది. మనిషి ఇప్పుడు పటం ఉన్న దిక్కుకే పరుగెడుతున్నాడు, పటం కంటే వేగంగా. దారాలు సడలిపోయాయి. కడ్డీ ఒక పక్కకు లాగాడు. పటం బద్ధకంగా తల తిప్పబోయింది, సగం తిరిగింది, వెనక్కి వాలి నీళ్ళలో పడింది. వెనకొచ్చిన కెరటం దాని కడుపులో దూరింది.

కెరటం బలంతో నిండిన పటం అజయ్‌ని ముంచి లాగింది. తల ఒకసారి పైకొచ్చింది, మళ్ళీ కిందికి పోయింది. ఇంకోసారి వచ్చినప్పుడు చేతులు కనిపించాయి. రెండు చేతులతో కడ్డీని గుండెకు హత్తుకుని ఉన్నాడు. పటం ఏటి మొగవైపు కొట్టుకుపోతోంది, అతన్ని తీసుకుని.

ఎందుకు వదలడం లేదో ఢిల్లీరావుకు తెలుసు. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెప్ప తిరగబడితే తాడు వదలకూడదు. తాడు పట్టుకున్నవాడు తెప్పతోపాటు ఒడ్డుకొస్తాడు, వదిలినవాడు రాడు. ఏటిలో ఎన్నిసార్లో ఎర్ర పిడి తోయించి నేర్పాడు. నిలకడ నీళ్ళలో నేర్చుకున్నది నోటి పాఠం. ప్రాణం మీదికొచ్చినప్పుడు పని చేసేది పుట్టిన దగ్గర్నుంచి విన్న మాట.

ఒడ్డంతా ఆ మాటే అంటోంది. అప్పలరాజు గొంతెత్తి, పట్టుకోమని, తాడు ఒగ్గకురా అని అరుస్తున్నాడు. వలల దగ్గర మగవాళ్ళు, చేపలారబెట్టే ఆడవాళ్ళు, అందరూ అదే. వాడిమీద ప్రేమ కొద్దీ, ఒక్క గొంతుతో, పట్టుకోమంటున్నారు. ఢిల్లీరావు నీళ్ళ అంచున పరుగెడుతూ, వదిలేయమని అరిచాడు. అతని గొంతు అతనికే వినపడలేదు. అరిచి చాలా రోజులైంది.

ఆగి వెనక్కి పరుగెత్తాడు. అప్పలరాజు భుజం పట్టుకున్నాడు.

"మావా, తుండు తియ్యి. వల ఒగ్గీమని కొట్టు."

లోపల వల బండకు పట్టేసి బోటును లాగేస్తుంటే, ఒడ్డు మీది పెద్ద తుండు విప్పి తలచుట్టూ తిప్పి నేలకేసి కొడతాడు. వల పోతే పోయింది, విడిచి రమ్మని. ఒకరి వల విడిచిపెట్టమనడం చిన్న మాట కాదు కనక ఆ సైగ పెద్దలే చేయాలి. వేరేవాళ్ళు చేస్తే లోపలివాడు నమ్మడు.

అప్పలరాజు అతని చెయ్యి విదిలించాడు. "ఏటి మాటలాడతన్నావు? తాడు ఒగ్గితే గుంటడు పోతాడు."

"అది తెప్ప తాడు కాదు మావా," అన్నాడు ఢిల్లీరావు. "అది వల. పట్టీసింది. ఆణ్ణి లాగతంది, సూడు."

ముసలాయన చూశాడు. కెరటంలో నిండిన గుడ్డను, దాని వెనక మునుగుతున్న తలను, మొగవైపు పోతున్న నీటిని చూశాడు. బహుశా అప్పుడే దాన్ని సాపగా కాక వలగా చూసి ఉంటాడు. మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి, తుండు విప్పి, తలచుట్టూ తిప్పి నీళ్ళకేసి కొట్టాడు. మళ్ళీ తిప్పి కొట్టాడు. ఆయన్ను చూసి జనం ఒకరి వెనక ఒకరు నోరు మూసుకున్నారు.

అజయ్ తల పైకొచ్చింది. ఒడ్డువైపు చూశాడు. ఒక చెయ్యి గుండె దగ్గర్నుంచి ముందుకు, ఎర్ర పిడివైపు కదిలింది.

పటం అతన్ని విడిచిపెట్టి, ఒక్కసారి పొర్లి, మొగ నీళ్ళలో పడి లోపలికి పోయింది. అజయ్ నురగలో తేలుతూ, ఈదుతూ, కెరటాలు తోసినచోటికి వచ్చి ఇసక మీద బోర్లా పడ్డాడు. దగ్గి దగ్గి నీళ్ళు కక్కాడు. కాళ్ళ నుంచి జారిపోయిన పలకను కెరటాలు అంతకుముందే ఒడ్డున పడేశాయి. ఇద్దరు లేవదీసి పాక నీడకు తీసుకుపోయారు.

ఢిల్లీరావు నిలబడ్డచోటే కూర్చుండిపోయాడు. కాళ్ళు వణుకుతున్నాయి. ఇవి ఎవరి కాళ్ళు అన్నట్టు వాటివైపు చూశాడు. ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి చెప్పినప్పుడు కూడా ఇవి వణకలేదు. చేపలారబెట్టే పైడమ్మ ఒక స్టీలు గ్లాసుతో టీ తెచ్చి, అతని పక్కన ఇసకలో గుచ్చినట్టు పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. ఆ ఏడాదిలో అతనికి దొరికిన మేళ్ళన్నీ అలాంటివే. ఎవరో ఏదో పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళేవాళ్ళు.

ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. అప్పలరాజు మాత్రం తడి తుండు పిండుకుంటూ, పెద్దసాప ఒడిసా ఎలిపోనాదనీ, గోపాలపురంలో ఎవులో పెళ్ళి పందిరేసుకుంటారనీ అన్నాడు. అజయ్ నవ్వబోయి దగ్గాడు. కాసేపటికి, "అయిపోనాది కదా బావా. అమ్మకేటి సెప్తావు?" అని అడిగాడు.

ఢిల్లీరావు ఇసకలోంచి టీ గ్లాసు తీసుకున్నాడు. అవుననడం, కాదనడం పొద్దుటిలా ఒకేలా లేవు. ఇప్పుడు ఒక్కోటీ ఒక్కో పక్కకు లాగుతోంది. ఎండ వాలేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత లేచి తొమ్మిది మీటర్ల పటానికి గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

"ముందు సూడు," అన్నాడు. "ఆనక నువ్వు."

భాను పోయాక అతను పలక ఎక్కడం అదే మొదటిసారి. అంచు అప్పలరాజు పట్టుకున్నాడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు భయంగా. పటం గుభిల్లుమనలేదు, ఈలలా లేచింది. నురగ దాటడానికి దాన్ని గాలిలో పైకీ కిందికీ తిప్పుతూ ఉండవలసి వచ్చింది. పెద్దదానిలా ఒక్క ఊపున లాక్కుపోలేదు. అజయ్ చూడాలని ఆ తిప్పడం మరీ మెల్లగా, ఒడ్డుకు కనిపించేలా చేశాడు. లోపల ఒక కెరటాన్ని ఎంచుకున్నాడు. పలక కెరటం భుజం మీదికి రాగానే కడ్డీని ముందుకు వదిలేశాడు, వేళ్ళు మాత్రం ఆనించి ఉంచాడు. లాగుడు ఆగిపోయింది. పటం నెత్తి మీద గాలిలో వెనక్కి వెనక్కి తేలుతూ అతనికి దారిచ్చింది. కింద నీటి గోడ పచ్చగా లేస్తోంది, దాని మీద పలక గీత గీసుకుంటూ పోతోంది. కిందికి, మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. కెరటం విరిగేముందు వేళ్ళతో కడ్డీ కొద్దిగా దగ్గరికి తీసుకుంటే, పటం చటుక్కున తిరిగి అతన్ని నురగ మీంచి పక్కకు తప్పించింది.

సంతోషం రాలేదు. వస్తుందేమోనని అతను ఎదురుచూడనూ లేదు. ఒంటికి తెలిసిన పని ఒళ్ళు చేసింది. చేతులు మర్చిపోలేదు, అది చాలనిపించింది.

అజయ్ నడుంపట్టీ బిగించుకుని, విప్పి, మళ్ళీ బిగించుకున్నాడు. ఢిల్లీరావు చూసి, చూడనట్టు దారాలు సరిచేశాడు. ఆ తర్వాత వాడి మొహం తనవైపు తిప్పుకుని, లాగుడు ఎక్కువైతే ముందు కడ్డీ వదలమని, అప్పటికీ లాగితే ఎర్ర పిడి తోయమని చెప్పాడు. వాడు తలూపాడు. మళ్ళీ చెప్పాడు. వాడు విసుక్కున్నాడు. ఇంకోసారి చెప్పాడు.

మొదటి కెరటం తప్పిపోయింది. రెండోది దొరికి, వాడు దాని మీద నిటారుగా లేచేసరికి ఒడ్డు మీద జనం మళ్ళీ లేచి నిలబడ్డారు. మూడోదాని మీద తూలి పడ్డాడు. పటమూ నీళ్ళలో పడింది. ఢిల్లీరావు మోకాళ్ళ లోతుకు వెళ్ళిపోయి ఉన్నాడు, ఎప్పుడు వెళ్ళాడో తెలియదు. నీళ్ళలోంచి రెండు ఖాళీ చేతులు పైకొచ్చాయి. వాడు కడ్డీ వదిలేశాడు, పటం మాత్రం ఇంకా నడుంపట్టీకే ఉంది. పటం చచ్చినట్టు తేలుతూ ఉంది, ఎవరినీ లాగడం లేదు. కెరటం దాని మీదుగా వెళ్ళిపోయాక వాడు ఒక దారం పట్టి లాగి, దాన్ని తిప్పి, మళ్ళీ లేపాడు.

దీపాల వేళకు ఢిల్లీరావు వరహాలమ్మ ఇంటికి వెళ్ళాడు. ఒడ్డు మీద జరిగినదంతా ఆమెకు అప్పటికే నలుగురి నోటా చేరింది. అజయ్ అన్నం తిని అరుగు మీద చాప వేసుకున్నాడు, పడుకోగానే నిద్రపోయాడు. ఆమె అల్లుడికి కంచం పెట్టింది. అన్నం, మామిడికాయ వేసిన ఎండు రొయ్యల కూర. అతను సగం తిన్నాక అడిగింది.

"ఏటంటావు మరి?"

"పొద్దున పెద్దది ఏసుకుంటానంటే నాను గట్టిగా వద్దనలేదత్తా. అనాల్సింది. నాకేటీ అనిపించలేదు."

వరహాలమ్మ మంచినీళ్ళ గ్లాసు అతని దగ్గరికి జరిపింది. "అందుకే నిన్నడిగేను," అంది. "భయమున్నోడు ఒగ్గనివ్వడు. ఆశున్నోడు ఎల్లమంటాడు. నీకా రెండూ లేవనుకున్నాను."

"పొద్దున లేవు," అన్నాడు. "ఇప్పుడు భయముంది."

"అయితే వద్దంటావా?"

అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. వద్దంటే ఈ భయం ఇప్పుడే పోతుంది. ఆమెకు రాత్రి నిద్ర పడుతుంది. నీళ్ళలోంచి పైకొచ్చిన ఆ ఖాళీ చేతులు కళ్ళముందు నిలిచాయి.

"పంపు," అన్నాడు. "పడతాడు. పడ్డాక ఏటి సెయ్యాలో తెలిసింది. నా భయం నాది, ఆడి కాళ్ళకి కట్టీకూడదు."

ఆమె గిన్నెలో మిగిలిన రొయ్యలు నాలుగూ అతని కంచంలో వేసింది. అతను చెయ్యి కడుక్కుంటుంటే వెనక నుంచి, గోవాలో చలేస్తాదా, దుప్పటి పెట్టాలా అని అడిగింది. అక్కర్లేదన్నాడు. అయినా పెడతానంది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుని వీధిలో నాలుగడుగులు వేశాక ఎందుకో ఆగి తిరిగి చూశాడు. గాలి పడిపోయింది. అరుగు మీద అజయ్ నోరు తెరిచి నిద్రపోతున్నాడు, చెవుల వెనక ఉప్పు తెల్లగా ఆరిపోయి ఉంది. లోపలి బల్బు వెలుగు సరిగ్గా వాడి మొహం మీద పడుతోంది. వరహాలమ్మ గడపలోకి వచ్చింది. కొడుకువైపు చూసింది, కాళ్ళ దగ్గర మడతపడ్డ చాప అంచు సరిచేసింది. లోపలికి వెళ్ళి, కిర్రుమనకుండా తలుపును రెండు చేతులతో కొంచెం పైకెత్తి, మెల్లగా దగ్గరికి వేసింది.